గుండీల డబ్బా

కాలేయం మార్చింది పెద్ద మాస్టరుకి. పేరు వచ్చింది మాత్రం తమ్ముడికి.

షాపు మెట్టెక్కిన ప్రతివాడూ ముందు కుట్టుమిషను దగ్గరికి పోయి, "నొప్పేమీ లేదు కదయ్యా? తమ్ముడంటే నువ్వే" అని చిన్నోడి భుజం తట్టేవాడు. ఆ తర్వాత, మరిచిపోయిన గొడుగేదో గుర్తొచ్చినట్టు, కటింగ్ బల్ల వెనక కూర్చున్న పెద్ద మాస్టరు వైపు తిరిగి, "అదృష్టవంతుడివి మాస్టరూ" అనేవాడు. ఆపరేషనై ఎనిమిది నెలలు. పెద్ద మాస్టరు మళ్ళీ షాపుకి రావడం మొదలైన దగ్గర్నుంచీ ఇదే వరస. ఆ అదృష్టం మాట చెవిన పడ్డప్పుడల్లా పెద్ద మాస్టరుకి ఒళ్ళు మండిపోయేది. మండినా నవ్వాలి. తమ్ముడి ముక్క కడుపులో పెట్టుకుని తమ్ముణ్ణి మెచ్చుకుంటే మొహం మాడ్చుకున్నాడంటే, వాడంత కృతఘ్నుడు ఇంకెక్కడైనా ఉంటాడా?

అందుకని నవ్వేవాడు. ఆ నవ్వు ఎంత బాగా కుదిరేదంటే, అద్దంలో చూసుకుంటే ఆయనకే అసహ్యం వేసేది.

ఆయన ఒక్క చుక్క ముట్టినవాడు కాదు. ఎప్పుడో చిన్నతనంలో వచ్చిన కామెర్ల పురుగు ఒంట్లోనే మకాం వేసి, యాభయ్యో ఏడు దాటాక కాలేయాన్ని కాస్తా తినేసింది. అయినా సగంమంది తాగుడే అనుకున్నారు. తాగకుండానే తాగుబోతు పేరు రావడం ఒక ఎత్తయితే, అదే నోటితో తమ్ముణ్ణి దేవుడనడం ఇంకో ఎత్తు. చిన్నోడు మాత్రం ఏమీ ఆలోచించలేదు. డాక్టరు "ఇంట్లో ఎవరైనా ఇవ్వగలరా" అని నోరు తెరవడమే ఆలస్యం, చొక్కా చెయ్యి పైకి మడిచి రక్తం తీసుకోమన్నాడు. ఇచ్చింది సగం పైనే. మూడు నెలల్లో వాడిది వాడికి పెరిగిపోయిందన్నారు. వాడి కడుపు మీద కోత కూడా సన్నంగా, వరసగా, గుండీకి కాజా కుట్టినంత పొందికగా మానింది. పెద్ద మాస్టరు కడుపు మీది కోత మాత్రం అప్పుడే చేరిన కుర్రాడు వేసిన అతుకులా ఉంది. ఇద్దర్నీ కుట్టింది ఒకే డాక్టరు. దీని మీద కూడా ఆయనకు కడుపుమంటే.

అసలు మంట కత్తెర దగ్గర మొదలైంది.

ఆ షాపులో ఇరవై రెండేళ్లుగా పని పంచుకున్న పద్ధతి ఒకటుంది. కొలతలు తీసేది, సుద్దతో గీసేది, కత్తెర పట్టేది అన్న. కుట్టేది, కాజాలు తీసేది, గుండీలు పెట్టేది, ఇస్త్రీ చేసేది తమ్ముడు. అన్న కోస్తున్నప్పుడు బట్ట జారకుండా రెండు చేతులతో అదిమి పట్టుకునేది కూడా తమ్ముడే. పట్టుకోవడమే తప్ప చిన్నోడు ఏనాడూ కత్తెర ముట్టలేదు. అన్న ముట్టనివ్వలేదు. "మిషను ముందు కూర్చున్నవాడికి కత్తెర ఇస్తే రెండూ పాడు చేస్తాడు" అనేవాడు.

అన్న ఆస్పత్రి నుంచి వచ్చి మంచం పట్టిన నెలల్లో కోయడానికి మనిషి లేక చిన్నోడే కత్తెర అందుకున్నాడు. మొదట పైజామాలు కోశాడు. తర్వాత చొక్కాలు. తర్వాత ఏ పుణ్యాత్ముడో వాణ్ణి 'చిన్న మాస్టరు' అని పిలిచాడు. ఆ పిలుపు వీధంతా అంటుకుంది. పెద్ద మాస్టరు మళ్ళీ షాపుకొచ్చి తన కుర్చీలో కూర్చునేసరికి ఆ కుర్చీ తప్ప తనదంటూ ఏమీ మిగల్లేదు.

కత్తెర లాక్కుందామంటే చెయ్యి సహకరించలేదు. పరాయి కాలేయాన్ని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఉండటానికి పొద్దున తొమ్మిదింటికి ఒక మాత్ర, రాత్రి తొమ్మిదింటికి ఒక మాత్ర వేసుకోవాలి. సగం తెలుపు, సగం లేత పసుపు గొట్టం మాత్రలు. బతికున్నన్నాళ్లూ మానకూడదు. ఆ మాత్ర వేసుకున్న గంటకి వేళ్లు వణికేవి. సుద్ద పట్టుకుని గీత గీస్తే తిన్నగా పోవాల్సిన గీత బల్ల మీద పాకుతూ పోయేది. డాక్టరుకి చూపిస్తే, "కాలేయం బ్రహ్మాండంగా ఉంది, చెయ్యి సంగతి మెల్లగా అలవాటైపోతుంది" అన్నాడు. దేనికి అలవాటు పడాలో మాత్రం చెప్పలేదు.

పొద్దున్నే మెలకువ వచ్చేది గానీ లేవబుద్ధయ్యేది కాదు. గోడ వైపు తిరిగి పడుకుని సున్నం పెచ్చులు లెక్కపెట్టేవాడు. స్నానం పెద్ద పని అనిపించేది. నోట్లో ముద్ద సుద్దపొడిలా ఉండేది. ఎందుకు బతికించారురా నన్ను అని గొంతుదాకా వచ్చేది. పైకి అనడానికి లేదు. ఎవరితో అంటాడు? భార్యతో అంటే, "పోయేవాళ్లం తిరిగొచ్చాం, ఇంకా ఏం కావాలండీ మీకు" అని కళ్ళొత్తుకునేది. అలా ఒత్తుకుని లేచి మరిదికి ముందు వడ్డించేది. "చిన్నోడా, ఇంకొంచెం వేసుకో, నువ్వు గట్టిగా ఉండాలి" అనేది. వాడు మారు వడ్డించుకుని తింటుంటే పెద్ద మాస్టరు ఆ ముద్దలు కూడా లెక్కపెట్టేవాడు. నా కడుపులో ఉన్నదీ వాడిదే, వాడి కడుపులో ఉన్నదీ వాడిదే. మరి వాడికి అంత ఆకలేమిటి, నాకు ఇంత ఏవగింపేమిటి అని కుళ్ళిపోయేవాడు.

మూడు నెలలకోసారి ఆస్పత్రిలో రక్తపరీక్షతో పాటు ఒక కాగితం నింపాలి. గత నాలుగు వారాల్లో నొప్పి ఉందా, నిద్ర పట్టక ఇబ్బంది పడ్డారా, పని చేసుకోవడం కష్టమైందా, దిగులుగా అనిపించిందా అని ముప్పై దాకా ప్రశ్నలు. పక్కన గళ్లు. అన్ని వేళలా, చాలాసార్లు, కొన్నిసార్లు, అసలు లేదు. చిన్నోడు పక్కనే కూర్చుంటాడు. వాడు చూస్తుండగా దిగులు ఉందని ఎలా పెడతాడు? పెద్ద మాస్టరు గీతలు వంకరపోతున్నా అన్నిటికీ 'అసలు లేదు' గడిలోనే టిక్కు పెట్టి ఇచ్చేవాడు. ఆ కాగితం చూసి సిస్టరు మురిసిపోయేది. "చూశారా, అందరూ మీలా ఉంటే మాకు పనే ఉండదు మాస్టరుగారూ" అనేది.

ఇలా ఉండగా ఒకరోజు ఫిడేలు మాస్టారు షాపుకొచ్చాడు.

పిల్లలకు ఫిడేలు నేర్పే మనిషి. నలభై ఏళ్లుగా వాయిద్యాన్ని ఎడమ భుజానికి ఆనించి, ఆనించి, ఆ భుజం కుడి దానికంటే ముప్పావు అంగుళం పైకి లేచిపోయింది. ఆ తేడా కనబడకుండా ఆయనకు కోటు కోయడం పెద్ద మాస్టరుకి తప్ప ఇంకొకరికి చేతకాదని పేరు. ఆ కొలత ఏ పుస్తకంలోనూ లేదు. పెద్ద మాస్టరు తలలో ఉంది.

ఫిడేలు మాస్టారు లోపలికొచ్చి అటూ ఇటూ చూసి, "చిన్న మాస్టరు లేడా?" అని అడిగాడు.

చిన్నోడు వెనక గదిలో ఇస్త్రీ చేస్తున్నాడు. "ఉన్నాడు. పనేమిటి?" అన్నాడు పెద్ద మాస్టరు.

"కోటు. నెల తిరక్కుండా కచేరీ ఉంది. మీకు శ్రమ ఎందుకు, తమ్ముడు కోస్తాడు కదా అని."

"మీ భుజం సంగతి వాడికేం తెలుసు? నేను కోస్తాను."

ఫిడేలు మాస్టారు ఆయన చేతుల వంక ఒక్క క్షణం చూసి చూపు తిప్పుకున్నాడు. ఆ చూపు చాలు. "మీ ఇష్టం మాస్టరూ" అని బట్ట బల్ల మీద పెట్టాడు. మంచి ఉన్ని బట్ట, ముదురు బూడిదరంగు. ఒక్కసారి కత్తెర తప్పిందంటే ఇంకంతే.

మర్నాడు భార్య కట్టిచ్చిన మాత్ర షాపులో తొమ్మిదింటికి వేసుకోవడం మరిచిపోయాడు. నిజంగానే మరిచిపోయాడు. మధ్యాహ్నం ఊసుపోక సుద్ద తీసుకుని పాత కాగితం మీద గీత గీస్తే, గీత తిన్నగా వచ్చింది. మళ్ళీ గీశాడు. ఈసారీ తిన్నగానే వచ్చింది. చంక వంపు గీశాడు, కాలరు గీశాడు. చెయ్యి పాత చెయ్యి. జేబులో మాత్ర పొట్లం తగిలేదాకా ఆయనకు కారణం తట్టలేదు. తట్టాక, ఆ పొట్లం వంక చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

మానకూడదని తెలియదా అంటే, తెలుసు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు వందసార్లు చెప్పారు. కానీ రాత్రి మాత్ర భార్య ఎదుటే వేసుకుంటున్నాను కదా, పొద్దుటిది ఒక్కటీ, కోటు కోసేదాకా, అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. కోరిక గట్టిగా ఉన్నప్పుడు మనిషికి తనంత మంచి ప్లీడరు దొరకడు. ఇంకో మాట కూడా ఉంది, అది ఆయన తనతో కూడా అనుకోలేదు. ఈ కాలేయం ఉంటే ఎంత, పోతే ఎంత అనిపించేది ఆ రోజుల్లో.

మాత్ర బయట పారేస్తే ఊడ్చేటప్పుడు చిన్నోడి కంటపడుతుంది. అందుకని షాపులో ఎవరూ తెరవని చోటు వెతికాడు. అల్మరా పై అరలో ఒక పాత రేకు డబ్బా ఉంది. అందులో ఏవో పెద్ద గుండీలు ఉన్నాయి. ఆ డబ్బా ఎవరైనా తెరవగా ఆయన ఎన్నడూ చూడలేదు. రోజూ పొద్దున తొమ్మిదింటికి గ్లాసుతో నీళ్లు తాగి, మాత్ర అందులో పడేసేవాడు.

నాలుగోరోజుకి చెయ్యి పూర్తిగా నిలకడకొచ్చింది. పన్నెండోరోజు చిన్నోడు దారం కొనడానికి బజారుకి పోయినప్పుడు పెద్ద మాస్టరు షాపు తలుపు దగ్గరగా వేసి, ఉన్ని బట్ట పరిచాడు. అదిమి పట్టుకునే మనిషి లేడు గనక చివరల మీద ఇస్త్రీపెట్టె ఒకటి, కొలతల పుస్తకాలు రెండు పెట్టాడు. గీశాడు. కత్తెర తీసుకున్నాడు. కత్తెర బరువు చేతికి తగలగానే కళ్ళలో నీళ్లు తిరిగాయి. కోత మొదలుపెట్టాక ఆగలేదు. ఎడమ భుజం దగ్గర ముప్పావు అంగుళం తేడాని కంటికి ఆనకుండా నాలుగుచోట్ల పంచి కోశాడు. ఆ గంటసేపూ ఆయనకు రోగం లేదు, తమ్ముడు లేడు, ఏ దిగులూ లేదు.

చిన్నోడు వచ్చి చూసి, సంచీ కింద పెట్టి, భుజం ముక్కని రెండు వేళ్లతో ఎత్తి వెలుతురుకి పట్టుకున్నాడు.

"అన్నయ్యా, ఇది నేను పదేళ్లు నేర్చుకున్నా కోయలేను" అన్నాడు.

"కోయలేవు" అన్నాడు పెద్ద మాస్టరు. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆకలేసింది. ఆ పూట అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు. భార్య ముఖం వెలిగిపోయింది.

కాకపోతే ఆయన ఒకటి మరిచాడు. ఆయనలాంటి మాస్టరు మాత్రమే మరిచేది. ఇరవై రెండేళ్లలో ఒక్క గుండీ కూడా తన చేత్తో కుట్టలేదు. గుండీలనేవి ఎక్కణ్ణుంచి వస్తాయో, ఏ డబ్బాలో ఉంటాయో ఆయనకు పట్టలేదు. ఎన్నడూ ఎవరూ తెరవరనుకున్న ఆ రేకు డబ్బా కోటు గుండీల డబ్బా. కోటు కుట్టినప్పుడే తెరుస్తారు.

కోత అయిపోయినా పొద్దుటి మాత్ర డబ్బాలోకే పోతోంది. రెండురోజుల తర్వాత కోటు కుట్టుపని పూర్తిచేసి, కాజాలు తీసి, చిన్నోడు స్టూలెక్కి డబ్బా దించాడు. మూత తీశాడు. పెద్ద మాస్టరు అప్పుడు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. డబ్బాలోంచి గుండీలు గలగలమనే చప్పుడు వచ్చి, సగంలో ఆగిపోయింది. తలెత్తేసరికి చిన్నోడు అరచేతిలోకి ఏరుతున్నాడు. ఏరినవన్నీ బల్ల మీద టేపు పక్కన వరసగా పెట్టాడు. పద్నాలుగు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు.

పెద్ద మాస్టరు కళ్ళద్దాలు బల్ల మీద పెట్టాడు. తర్వాత, ఎనిమిది నెలలుగా అదిమిపెట్టిందంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"లెక్కపెట్టావుగా. ఎందుకని అడగవేం? నీ ముక్క నా కడుపులో పెట్టుకుని, నా కత్తెర నీ చేతిలో చూస్తూ ఎన్నాళ్లు బతకమంటావురా? వచ్చినవాడల్లా నీ భుజం తడతాడు. నా ఇంట్లో నా పెళ్ళాం నీకు ముందు వడ్డిస్తుంది. నేను నవ్వుతూ కూర్చోవాలి. ఒక్క కోటు, ఒక్కటంటే ఒక్కటి నా చేత్తో కోద్దామనుకున్నా. కోశాను. ఇక పోతే పోనీ."

చిన్నోడు అరవలేదు. "కత్తెర నాకిష్టమే అన్నయ్యా. దాచను. ఇరవై రెండేళ్లు దాని కోసం చూశాను" అన్నాడు. "కానీ నువ్వు పక్కన నిలబడి తప్పులు పడుతుంటే కొయ్యాలనుకున్నా. ఇలా కాదు. పద, ఆస్పత్రికి పోదాం."

"నేను రాను."

"అది నాది కూడా. పద."

పెద్ద మాస్టరు లేచాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చేతులు ఆడకపోతే చిన్నోడే పెట్టాడు.

ఆస్పత్రిలో రక్తం చూసి డాక్టరు ముఖం గంటుపెట్టుకున్నాడు. ఒళ్ళు కాలేయాన్ని తిప్పికొట్టడం మొదలుపెట్టిందనీ, ఇంకో వారం ఆలస్యమైతే చేతిలో ఏమీ ఉండేది కాదనీ చెప్పి, మూడురోజులు ఇంజెక్షన్లకి పడుకోబెట్టాడు. మాత్రల మోతాదు పెంచాడు. వేళ్లు మునుపటికంటే ఎక్కువ వణికాయి. భార్య వచ్చి ఏడ్చి, తిట్టి, మళ్ళీ ఏడ్చి, బట్టలు తేవడానికి ఇంటికెళ్ళింది. కోటుకి గుండీలు కుట్టి, ఫిడేలు మాస్టారుకి ఇచ్చి వచ్చి చిన్నోడు మంచం పక్కన కూర్చున్నాడు.

"ఏమన్నాడు?" అన్నాడు పెద్ద మాస్టరు. అడక్కుండా ఉండలేకపోయాడు.

"అద్దం ముందు నిలబడి పావుగంట కదల్లేదు. 'నాకు రెండు భుజాలూ ఒక్కలాగే ఉన్నాయయ్యా' అన్నాడు. పెద్ద మాస్టరు కోసిందేనని చెప్పా."

మూడోరోజు పొద్దున రక్తపరీక్ష మెరుగ్గా వచ్చింది. సిస్టరు ఆ ప్రశ్నల కాగితం తెచ్చి మంచం మీద పెట్టింది. ఈసారి మురిసిపోలేదు.

"మాస్టరుగారూ, పోయినసారి అన్నీ 'అసలు లేదు' పెట్టారు. మీరు మాకు అబద్ధం చెప్తే మేం ఏ మందు ఇవ్వాలి? దిగులుకి కూడా మందుంది, డాక్టరున్నారు. ముందు ఉందని చెప్పాలి కదా. ఈసారి నిజం పెట్టండి" అని కిటికీ దగ్గర తన రాతపని చేసుకుంటూ కూర్చుంది.

పెద్ద మాస్టరు పెన్ను పట్టుకుంటే కాగితం మీద నిలవలేదు. చిన్నోడు పెన్ను తీసుకుని, "చెప్పు, నేను పెడతా" అన్నాడు. ఒక్కొక్కటే చదివాడు. నిద్ర అయింది, ఆకలి అయింది. తర్వాతది చదివాడు.

"'గత నాలుగు వారాల్లో, ఏదీ ఊరట కలిగించనంత దిగులుగా అనిపించిందా?'"

పెద్ద మాస్టరు గోడ వైపు చూశాడు. ఎవరి ముందు ఒప్పుకోకూడదని ఎనిమిది నెలలు పళ్లు బిగబట్టాడో, వాడి చేతిలోనే పెన్ను ఉంది.

"అన్ని వేళలా" అన్నాడు. "కోటు కోసిన గంట తప్ప."

"దానికి గడి లేదన్నయ్యా."

"పక్కన రాయి."

చిన్నోడు పక్కన రాశాడు. చివర్న ఖాళీ జాగా ఉంది. "'ఇంకేమైనా చెప్పదలచుకుంటే రాయండి.' ఏమైనా ఉందా?"

"ఉంది. మా తమ్ముణ్ణి చూస్తే నాకు కడుపుమంట. అది రాయి."

చిన్నోడు తలవంచుకుని ఆ వాక్యం అక్షరం పోకుండా రాశాడు. "ఎప్పటి నుంచని రాయను?"

"ఆపరేషను దగ్గర్నుంచి."

అదీ రాశాడు. కాగితం సిస్టరు చేతికిస్తూ, "ఇచ్చినవాళ్లకి ఇలాంటి కాగితం ఉండదా అండీ?" అని అడిగాడు.

"దాతలకా? మీకు మూడు నెలల పరీక్షతో అయిపోయిందిగా. మీరు ఆరోగ్యవంతులు కదండీ. ఎందుకు?"

"ఊరికే అడిగా."

పెద్ద మాస్టరుకి ఆ 'ఊరికే' తెలుసు. ఒకసారి మిషను సూది వేలిలోంచి అటునుంచి ఇటు దిగినప్పుడు, రక్తం ఏమిట్రా అంటే వాడు ఊరికే అన్నాడు. ఆయన తమ్ముడి మొహం వంక చూశాడు. ఎనిమిది నెలల్లో అలా చూడటం అదే మొదలు. కళ్ళ కింద నలుపు. దవడలు పీక్కుపోయాయి. మారు వడ్డించుకుని తింటాడు కదా, ఆ తిండంతా ఏమైపోయింది? ఆదివారం పూట బంతాటకి పరిగెత్తేవాడు కదా, ఎప్పటి నుంచి పోవడంలేదు? పోకపోవడం తను చూశాడు. త్యాగమూర్తి వేషమని లోలోపల ఎద్దేవా కూడా చేశాడు.

"సిస్టరుగారూ, ఇంకో కాగితం ఇవ్వండి" అన్నాడు.

సిస్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి ఇచ్చింది. పెద్ద మాస్టరు లేచి కూర్చుని, కాగితం ఒళ్ళో పెట్టుకుని, పెన్ను పుచ్చుకున్నాడు.

"వద్దులే అన్నయ్యా."

"నోరు మూసుకుని చెప్పు. నొప్పి?"

చిన్నోడికి నవ్వొచ్చింది, ఆగిపోయింది. "వంగితే లాగుతుంది. చాలాసార్లు."

"నిద్ర?"

"పట్టదు. అది నీకు కూడా."

"నా సంగతి రాసేశాం. దిగులు?"

చిన్నోడు నేల వంక చూశాడు. "అన్ని వేళలా" అన్నాడు. "అందరూ మెచ్చుకున్నారు. నువ్వొక్కడివే నా మొహం చూడటం మానేశావు. నువ్వు బాగుంటావనే ఇచ్చా అన్నయ్యా. రోజూ గోడవైపు తిరిగి పడుకున్న నిన్ను చూస్తుంటే, బతికించి తప్పు చేశానేమో అనిపిస్తుంది. ఇది ఎవరికి చెప్పను? దేవుడు అంటున్నారు నన్ను" అన్నాడు.

పెద్ద మాస్టరుకి మొదట వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సింది. ఇందులోనూ వీడు నాతో సమానమేనా అనిపించింది. అంత పాడు బుద్ధి తనకే ఉందని ఒప్పుకుని, పెన్ను గడి మీద పెట్టాడు. చెయ్యి వణికింది. టిక్కు గడి దాటి పక్క గడిలోంచి పోయి కాగితం చివర తేలింది.

"తప్పయింది. ఉండు, మళ్ళీ పెడతా" అన్నాడు. కొట్టేసి మళ్ళీ పెట్టబోతే కాగితం ఒళ్ళో జారింది.

చిన్నోడు కుర్చీ దగ్గరికి జరుపుకుని, బట్ట కోసేటప్పుడు పట్టుకున్నట్టే, ఆ కాగితం కదలకుండా రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు.